రంగు డ్రమ్ముల్లో డీజిలు

మార్చి ఆఖరులో ఒక ఉదయం అప్పలరాజు టాటానగర్ స్టేషన్లో దిగి, ఆటో పట్టుకుని కాసిడీహ్‌లోని అక్క ఇంటికి వచ్చాడు. వస్తున్నట్టు ఫోను కూడా చెయ్యలేదు. విశాఖ జాలరిపేటలో అతనికి మరబోటు ఉంది. తండ్రి పోయాక అందులో పావువాటా అక్క నూకాలమ్మ పేరనే ఉండిపోయింది. బావ సూర్యం ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద స్టోర్లో పని చేస్తాడు.

కాళ్ళు కడుక్కోకుండానే అప్పలరాజు విషయానికొచ్చాడు.

“బోట్ల డీజిలు మీద పన్ను మినహాయింపు తీసెత్తారంట బావా. వచ్చే నెల నుంచే అని రేవంతా అనుకుంతన్నారు.”

“ఎవలు సెప్పినారు?”

“బంకులో అడిగితే మాకు తెలీదంతన్నారు. ఫిషరీసు ఆఫీసులో అడిగితే కాయితం రాలేదంతన్నారు. తియ్యరని మాత్రం ఒక్కడూ అనట్లేదు.”

నూకాలమ్మ టీ గ్లాసు తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. “తీసెత్తే ఏటవుద్దిరా?”

“బోటు కదిపితే నట్టం అప్పా. కదపకపోతే వేటకొచ్చే కలాసీలు గుజరాత్ ఎల్లిపోతారు. ఎల్లినోళ్ళు మరి తిరిగి రారు.”

ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు వేట నిషేధం. ఇప్పుడే చవక డీజిలు కొని దాచుకుంటే నిషేధం ఎత్తేశాక కొన్నాళ్ళు గడుస్తుందని అప్పలరాజూ, వాళ్ళ వీధిలోని మిగతా బోటు యజమానులూ అనుకున్నారు. అయితే ఆ ఆలోచన రేవులో అందరికీ ఒక్కసారే వచ్చింది. విశాఖలో ఖాళీ డ్రమ్ము దొరకడం లేదు. అందుకే వీధి మొత్తానికీ డ్రమ్ముల కోసం బావను వెతుక్కుంటూ వచ్చాడు.

మధ్యాహ్నం సూర్యం అతన్ని ఖర్కయీ నది దాటించి, తనకు తెలిసిన మనోజ్ అనే తుక్కు వ్యాపారి దగ్గరికి తీసుకెళ్ళాడు. గోడవారగా డ్రమ్ములు వరసలు వరసలుగా ఎండలో నిలబడి ఉన్నాయి. మనోజ్ ఒక మూత తిప్పగానే లోపలినుంచి బుస్సుమని గాలి వచ్చింది. ఆ ఘాటుకు పక్కన పడుకున్న కుక్క లేచి దూరంగా పోయింది.

సూర్యం ముక్కుకు రుమాలు పెట్టుకుని లోపలికి తొంగి చూశాడు. అడుగున జిగురులా ఏదో పొర కట్టి ఉంది.

“ఇవి రంగుల ఫ్యాక్టరీ డ్రమ్ములు రాజూ. నూనెవి కావు.”

“ధో లో, సాఫ్ హో జాయేగా,” అన్నాడు మనోజ్, కడిగితే పోతుందన్నట్టు చెయ్యి ఊపుతూ.

“కడుగుదాం బావా. మనం తాగుతామేటి? ఇంజనే కదా తాగుద్ది.”

సూర్యానికి వద్దనాలనిపించింది. బావమరిది మొహంలో ఆదుర్దా చూస్తే అనబుద్ధి కాలేదు. ఇద్దరూ సోడా వేసి డ్రమ్ములు కడిగారు. కడిగిన నీళ్ళు కాలవలోకి పారాయి. పైన రంగురంగుల తెట్టు కట్టింది కానీ అడుగున ఉన్న పొర మాత్రం కదల్లేదు. సాయంత్రం ఇనుము వేసుకుని విశాఖ వెళ్ళే లారీ మీద డ్రమ్ములెక్కించి, డ్రైవరు పక్కనే కూర్చుని అప్పలరాజు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి సూర్యం చొక్కా ఉతుకుతూ నూకాలమ్మ అడిగింది. “ఈ వాసనేటి?”

“డ్రమ్ములది.”

“ఇంత వాసనున్నవాట్లోనా డీజిలు పోత్తారు?”

సూర్యం లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టాడు.

ఏప్రిల్ వచ్చింది. మినహాయింపు తీసెయ్యలేదు. ఉంచుతామనీ ఎవరూ చెప్పలేదు. జాలరిపేటలో వీధి వీధంతా డీజిలు డ్రమ్ములు వలల పక్కన, మంచాల కింద, పొయ్యిలకు బారెడు దూరంలో ఎండల్లో మగ్గాయి. నూకాలమ్మ ఫోను చేసినప్పుడల్లా నిప్పు జాగ్రత్త అనేది. ఆమె భయమంతా నిప్పు గురించే. సూర్యం మాత్రం డ్రమ్ముల అడుగున ఉన్న పొర గురించి ఆలోచించేవాడు. ఒకసారి ఫోను తీసుకుని, “ఆ డీజిలు వడకట్టి పొయ్యండి రాజూ,” అన్నాడు. అలాగేలే అన్నాడు అప్పలరాజు.

జూన్‌లో నిషేధం ముగిసిన రోజే బోట్లన్నీ బయల్దేరాయి. అప్పలరాజు తనతో పాటు అప్పన్నను కూడా తీసుకెళ్ళాడు. అతను అప్పలరాజు తండ్రి కాలం నుంచీ ఆ బోటులోనే పనిచేసిన పెద్ద కలాసీ.

మర్నాడు మధ్యాహ్నం జాలరిపేట నుంచి నూకాలమ్మ తల్లి ఫోను చేసింది. గాలి లేచిందట. వాళ్ళ వీధి బోట్లలో రెండు, ఇంజన్లాగిపోయి, వేరే బోట్లకు తాళ్ళు కట్టించుకుని వచ్చాయట. ఫిల్టర్లు విప్పితే డీజిలు కాదు, రంగు మడ్డి కారిందట.

“మరి తమ్ముడు?” అంది నూకాలమ్మ.

“ఇంకా రాలేదమ్మా.”

నూకాలమ్మ తమ్ముడి నంబరుకు మళ్ళీ మళ్ళీ చేసింది. పుస్తకం ముందేసుకుని కూర్చున్న కూతురు నేహ తలెత్తి, “సముందర్ మే నెట్‌వర్క్ నహీ హోగా, మా,” అంది. సముద్రంలో సిగ్నల్ ఉండదులే అన్న ఓదార్పు మాటే అది. అయినా తల్లి మొహం చూసి పుస్తకం మూసేసి, వచ్చి పక్కన కూర్చుంది.

సూర్యం డ్యూటీ నుంచి వచ్చేసరికి కబురు వచ్చింది. ఇంజను ఆగిన బోటును కెరటాలు భీమిలి అవతల రాళ్ళ మీదికి కొట్టాయి. అప్పలరాజునూ, మిగతావాళ్ళనూ ఇంకో బోటువాళ్ళు పైకి లాగారు. అప్పన్న మాత్రం దొరకలేదు. తర్వాత కూడా దొరకలేదు.

“ఆ పొర నాను సూసినాను,” అన్నాడు సూర్యం గుమ్మంలోంచే. “సూసి కూడా లారీ ఎక్కించినాను.”

“నాకూ తెలుసు,” అంది నూకాలమ్మ. “సొక్కా ఉతికింది నానే.”

శ్రావణంలో అప్పలరాజు ఫోను చేశాడు. అప్పటికి వాళ్ళు బోటు గురించి మాట్లాడుకోవడం మానేశారు. అయినా సూర్యం అడిగాడు.

“మినహాయింపు సంగతేటయింది?”

“ఇప్పటికైతే ఉంది బావా. దసరాకి తీసెత్తారంతన్నారు.” ఆ తర్వాత అసలు మాటకొచ్చాడు. “మీ ఫ్యాక్టరీలో ఏదైనా పనుంటే సూడు. ఏ పనైనా సేత్తాను.”

“సూత్తాను.”

“నానొక్కడినే కాదు. ఈదిలో ఇంకో నలుగురున్నారు.”

ఫోను పెట్టేశాక నూకాలమ్మ వంటింట్లోంచి అడిగింది. “ఆ నలుగురూ కలాసీలా?”

“కాదు. బోట్లున్నోళ్ళు.”

ఆమె చేతిలో గరిటె ఆగింది. మర్నాడు పొద్దున్నే సూర్యం అరగంట ముందే బయల్దేరాడు, సూపర్‌వైజరు పనిలో పడకముందే పట్టుకుని ఆ ఐదుగురి సంగతీ అడుగుదామని.