అక్క ఫొటో దిగదు

మా అక్క ఫొటో దిగదు. స్టూలెక్కి కూర్చుంటుంది, జుట్టు సర్దుకుంటుంది, గడ్డం కాస్త పైకెత్తుతుంది, పెదాలు రెండూ జిగురు పూసి కవరు అంటించినట్టు అంటించేస్తుంది. నేను నొక్కుతాను. వచ్చిన ఫొటోలో అక్క ఉండదు. అక్క పోలికలున్న ఆఫీసరమ్మ ఎవరో ఉంటుంది, మన అర్జీ కొట్టేసేటట్టు చూస్తూ.

నాకు ఒళ్ళు మండిపోతుంది. మండదూ మరి? నేను ఫొటోగ్రాఫర్ని. "మొహంలో నిజం పట్టుకుంటాడు" అని పేరున్నవాణ్ణి. మా స్టూడియో గోడ నిండా నేను పట్టుకున్న మొహాలే. చెప్పులు కుట్టే తాత, రొట్టెల దుకాణం పిన్ని, పోస్ట్‌మ్యాన్, తాళాలు బాగుచేసే ఆయన. ఒక్కరూ కెమెరా చూసి ఇకిలించినవాళ్ళు కారు. దానికో కిటుకుంది. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, లైట్లు వేసి, రెండు మూడు ఉత్తుత్తివి తీసి, "అయిపోయింది, దిగండి" అంటాను. వాళ్ళు 'హమ్మయ్య' అనుకుంటారు. భుజాలు జారతాయి, మొహం మొహంలా అవుతుంది. అప్పుడు నొక్కుతాను. అసలు ఫొటో అదే. ఊరందర్నీ అలాగే పట్టాను.

అక్క దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకవు. ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా ఆ స్టూడియో కౌంటర్లో కూర్చునేది అక్కే. ఫొటోలు కత్తిరించేదీ, కవర్లలో పెట్టేదీ, ఏ కవరు ఎక్కడుందో తెలిసిందీ అక్కే. నేను "అయిపోయింది" అనగానే తను ఇంకా బిగుసుకుంటుంది.

"తాతకు దగ్గులు నేర్పకురా," అంటుంది, పెదాలు కదపకుండానే.

ఇన్నాళ్ళూ పోనీలే అనుకున్నాను. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి కోక పెట్టాడన్నట్టు, ఊరందరికీ మంచి ఫొటోలు తీసి సొంత అక్కకు ఒక్కటీ తీయలేదని బావ ఎగతాళి చేసినా నవ్వి ఊరుకున్నాను. పోయిన గురువారం నుంచి ఊరుకోవడానికి లేకుండా పోయింది.

అక్కకు కుడి చెవి కింద గడ్డ లేచింది. ప్రమాదం లేదు కానీ తీసెయ్యాలన్నారు. గురువారం డాక్టరమ్మ మా ముగ్గుర్నీ, అంటే అక్కనీ బావనీ నన్నూ, కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మొహాన్ని కదిపే నరం సరిగ్గా ఆ గడ్డ మధ్యలోంచి పోతోందట.

"నరం తెగకుండానే చూస్తాం. తప్పనిసరైతే కాలిలోంచి నరం ముక్క తెచ్చి అతుకుతాం. అప్పుడు నోటి కుడి మూలని మళ్ళీ నిలబెట్టాల్సి వస్తుంది. అది ఇదివరకు ఎక్కడిదాకా లేచేదో, ఏ పళ్ళు కనపడేవో మాకు తెలియాలి," అంది.

"మీరు నిన్న ఫొటోలు తీశారుగా," అన్నాను.

డాక్టరమ్మ కంప్యూటర్ ఇటు తిప్పింది. అందులో అక్క పళ్ళ డాక్టరుకు చూపించినట్టు పళ్ళు చూపిస్తోంది. "చూపించమంటే చూపించారు. ఇది నవ్వు కాదు. తనంతట తను వచ్చిన నవ్వు కావాలి. పాతదైనా ఫరవాలేదు. సోమవారం పొద్దున్నే ఆపరేషన్ కాబట్టి ఆలోపు తెచ్చివ్వండి. మీకు స్టూడియో ఉందటగా, మీకేం కష్టం?"

మీకేం కష్టం! బయటికొచ్చి మెట్ల మీద నిలబడి నాకు నేనే రెండు తిట్టుకున్నాను.

పాతవి వెతకడానికి శుక్రవారం ఒక పూటంతా పట్టింది. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పిక్నిక్కులు, కంప్యూటర్లో ఉన్నవన్నీ తీశాను. ప్రతి దాంట్లోనూ ఆఫీసరమ్మే. తనకు తెలియకుండా తీసినవి కొన్ని ఉన్నాయి, వాటిల్లో అక్క నిజంగానే నవ్వుతోంది. కళ్ళు మూసుకుపోయి, భుజాలు ఎగిరిపోతూ నవ్వుతోంది. కానీ నోటికి కుడిచెయ్యి అడ్డం. అన్నిట్లోనూ అంతే. పదకొండు ఫొటోలు, పదకొండు చేతులు. అక్క అలవాటది. పుట్టుకతో వచ్చిందేమో అన్నంతగా అలవాటు పడి, నేనెప్పుడూ దాన్ని పట్టించుకోనేలేదు.

"మీ అక్క నవ్వు నాకు బాగా తెలుసోయ్," అన్నాడు బావ. ఆయన బస్సు డ్రైవరు, ఏదీ సూటిగా చెప్పడు. "చెయ్యి వెనకాల ఉంటుంది."

"అయితే చెయ్యి ఖాళీ లేకుండా చేద్దాం," అన్నాను.

శనివారం పొద్దున ఇద్దరం పథకం వేశాం. కౌంటర్ దగ్గర అక్క రెండు చేతుల్లో ఫొటో ఫ్రేముల దొంతర పెట్టాను, అద్దాలున్నవి, కింద పడేస్తే పగిలేవి. "రెండు నిమిషాలు పట్టుకోవే, బల్ల తుడుస్తా," అని చెప్పి, గుడ్డ బదులు కెమెరా తీసుకుని తలుపు పక్కన నక్కాను. బావ అప్పుడే వచ్చినట్టు వచ్చి మొదలుపెట్టాడు.

"నిన్న మన బస్సు దారిలో చెడిపోయింది. అందరూ దిగిపోయారు. ఇంతలో ఒక పెద్దాయన వచ్చి, 'బాబూ, ఈ బస్సు ఎక్కడికి పోతుంది' అన్నాడు. 'ఎక్కడికీ పోదండీ' అన్నాను. 'మంచిది నాయనా, నాకూ ఎక్కడికీ పోయే పని లేదు' అని ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు!"

అక్క పగలబడి నవ్వింది. నవ్వుతూనే, ఫ్రేములు చెక్కుచెదరకుండా, మొహం మొత్తం భుజంలోకి దూర్చేసుకుంది. నాకు దొరికింది ఒక చెవి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు చాటు నుంచి బయటికొచ్చి అరిచాను.

"ఏం మనిషివే నువ్వు! చెయ్యి లేకపోతే భుజమా? భుజం లేకపోతే గోడకేసి తిప్పుకుంటావా? సోమవారం ఎప్పుడో కాదు, ఎల్లుండే! ఎవరికోసం చస్తున్నాననుకుంటున్నావు?"

"ఓహో. నా మొహం కోసం నా మొహం మీదే అరుస్తున్నావన్నమాట," అంది అక్క. ఫ్రేములు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. "కెమెరా పట్టుకుని తలుపు చాటున నక్కడానికి సిగ్గులేదురా? దొంగనా నేను, పట్టుకోవడానికి?"

బావ నెమ్మదిగా, "బస్సుకు టైమైంది," అని జారుకున్నాడు. ఆ రోజు ఆయనకు సెలవు.

నేను బల్ల మీద ధన్‌మని కెమెరా పెట్టి కుర్చీలో కూలబడ్డాను. అక్క కత్తెర తీసుకుని ఎవరివో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడం మొదలుపెట్టింది. నాలుగు కత్తిరించాక, తల ఎత్తకుండానే అడిగింది.

"నరం పోతే ఇక నవ్వు ఒకపక్కే లేస్తుందట కదరా?"

భయంగా ఉందా అని అడగాల్సింది. "అందుకేగా ఏడుస్తున్నాను!" అని మళ్ళీ అరిచాను. నా నోరు అలాంటిది.

ఆదివారం స్టూడియోకు సెలవు. మధ్యాహ్నం వెళ్ళి తాళం తీసి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. నాన్న కాలం నాటి రేకు పెట్టెలు అక్కడున్నాయి. ఈ స్టూడియో నాన్న పెట్టిందే. ఆయన తీసినవాటిల్లో ఏదైనా దొరక్కపోతుందా అని ఆశ. దుమ్ముకు తుమ్ములు, తుమ్ముకోసారి నిచ్చెన ఊగడం. మూడో పెట్టె అడుగున ఒక ముదురు రంగు కవరు, దాని మీద నాన్న అక్షరాలతో 'పెద్దది' అని ఉంది. ఇంట్లో అక్కను అలాగే పిలిచేవాడు.

తెరిస్తే అక్క. పన్నెండు, పదమూడేళ్ళుంటాయి. నోరంతా తెరిచి నవ్వుతోంది. ముందుపళ్ళు రెండూ కాస్త ఎత్తుగా, వాటి మధ్య చిన్న సందు, కుడి పెదవి మూల ఎడమకన్నా పైకి లేచి ఉంది. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. అసలు వాటికి పనే లేనట్టు.

అటక మీదే గంతేయబోయి తల కొట్టుకున్నాను. పరుగున అక్కావాళ్ళింటికి పోయి, తలుపు తీయగానే ఫొటో మొహం ముందు పెట్టాను.

"ఇదిగో! నవ్వేదానివి! బ్రహ్మాండంగా నవ్వేదానివి! ఏం రోగమొచ్చిందే మధ్యలో? ఎందుకు మానేశావు?"

అక్క ఫొటో తీసుకుని చూసింది. తర్వాత నావైపు చూసింది. నిజంగానే అడుగుతున్నానా, నాటకమాడుతున్నానా అని చూసినట్టు.

"ఈ కవర్లో ఇంకోటి ఉండాలి. చూశావా?"

"ఏముంటుంది?"

"నా చేతుల మీదుగా పోని కవరు ఆ స్టూడియోలో ఉందట్రా? చూడు."

కవరు తలకిందులు చేసి దులిపాను. గీతల కాగితం చీటీ ఒకటి పడింది. నీలం సిరా, పెద్ద పెద్ద అక్షరాలు.

'నోరు మూసుకో కొబరికోరూ'

ఎత్తు పళ్ళకు కొబ్బరికోరని వెక్కిరింత. 'బ' కింద వత్తు లేదు. ఆ వత్తు కోసం నేను చిన్నప్పుడు మాస్టారి దగ్గర ఎన్ని దెబ్బలు తిన్నానో నాకు తెలుసు. ఎవరు రాశారని అడగాల్సిన పని లేకుండా పోయింది.

"ఈ ఫొటో నాన్న షోకేసులో పెట్టాడు," అంది అక్క. "బాగా వచ్చిందని నలుగురికీ చూపించుకున్నాడు. నువ్వు దానికింద ఈ చీటీ అంటించావు. నీకు తొమ్మిదేళ్ళు. నాన్న వెనక తలుపులోంచి వచ్చేవాడు కదా, చూసుకోలేదు. నాలుగు రోజులుంది. మా బడికి అదే దారి."

"అక్కా..."

"ఐదో రోజు నేనే పీకేశాను. ఫొటో కూడా తీసి, రెండూ దాని కవర్లోనే పెట్టి పెట్టె అడుగున తోసేశాను. ఏదే అని నాన్న అడిగితే, పోయిందన్నాను."

"చీటీ చూపించొచ్చుగా! నాన్నకు చెప్పొచ్చుగా!"

"చెబితే నిన్ను చావగొడతాడని చెప్పలేదురా."

గడప మీదే కూర్చున్నాను. ముప్పై ఏడేళ్ళు. పొద్దున్న లేస్తే ఎదురుగా ఉండే మనిషి. జనం మొహాల్లో నిజం పట్టుకుంటానని గోడ నిండా వేలాడదీసుకున్నాను కదా, ఆ గోడకు నాలుగడుగుల దూరంలో అక్క చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే 'అలవాటు' అనుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. ఎవర్నయినా తిడదామంటే తిట్టడానికి నేను తప్ప ఎవరూ లేరు.

"నన్ను నాలుగు తన్నవే," అన్నాను.

"తర్వాత తంతాలే. లే, స్టూడియోకు పోదాం పద."

"ఎందుకు? ఈ ఫొటో సరిపోతుందిగా డాక్టరమ్మకు."

"ఇది పదమూడేళ్ళ పిల్ల నోరురా. నాకు యాభై. నా నోరు నాకు కావాలి."

స్టూడియోలో అక్క తనే లైట్లు వేసింది. తనే స్టూలు మీద కూర్చుంది.

"చాటునుంచి కాదు. 'అయిపోయింది, దిగు' అనే దొంగమాటలొద్దు. అడిగి తియ్యి."

అడగడం నాకు చేతకాదని అప్పుడు తెలిసింది. నా బతుకంతా మనుషులు ఏమరుపాటుగా ఉన్నప్పుడు లాక్కోవడమే. "అక్కా, నీ పళ్ళు కనపడేలా నవ్వవే," అన్నాను.

"ఎందుకు?"

"డాక్టరమ్మకు..."

"ఆవిడ సంగతి వదిలెయ్. నీకెందుకు?"

"నాకు చూడాలని ఉంది."

నేను కెమెరా ఎత్తి కన్ను పెట్టాను. చీకటి. బటన్లు నొక్కాను, బ్యాటరీ తీసి పెట్టాను, మళ్ళీ కన్ను పెట్టాను. కటిక చీకటి.

"ఛీ! దీని తస్సాదియ్యా! ఇప్పుడే చావాలా ఇది! అక్కా, కెమెరా పాడైందే, ఏమీ కనపడ్డం లేదు!"

"ఒరేయ్," అంది అక్క.

"ఏంటి!"

"మూత తియ్యరా."

చూసుకున్నాను. కెమెరా కంటికి నల్ల మూత. ముప్పై ఏళ్ళ అనుభవం, ఊళ్ళో పేరు, గోడ నిండా మొహాలు, మూత తీయలేదు. అక్కకు నవ్వు పొంగుకొచ్చింది. ఆపుకోలేక ముందుకు వంగింది. కుడిచెయ్యి దానంతట అది లేచింది. గడ్డం దాకా వచ్చింది.

మూత లాగేసి, కెమెరా ఎత్తి, "అక్కా, ఫొటో తీస్తున్నాను," అన్నాను.

చెయ్యి అక్కడే ఆగింది. ఒక్క క్షణం గాల్లో ఉండి, మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. నేను నొక్కాను.

సోమవారం పొద్దున డాక్టరమ్మ ఆ ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూసింది. అక్క పక్కన మంచం మీద ఆసుపత్రి బట్టల్లో కూర్చుని ఉంది. బావ కిటికీ దగ్గర నిలబడి ఎన్నడూ లేనిది ఒక్క జోకూ వెయ్యలేదు.

"ఇదే నాకు కావాల్సింది," అంది డాక్టరమ్మ. పెన్నుతో కుడి పెదవి మూల చూపించి పక్కనున్న చిన్న డాక్టరుకు ఏదో చెప్పింది. తర్వాత ఫొటో అడుగున వేలు పెట్టింది. "కింద ఈ మసక ఏమిటి?"

"చెయ్యండీ," అన్నాను. "అక్క చెయ్యే. కానీ అండీ, దాన్ని అక్కడ పెట్టింది నేను. చిన్నప్పుడు నేను..."

అంతా చెప్పేయాలనిపించింది. ఆ గదిలో ఉన్న అందరికీ, నర్సుకు కూడా చెప్పాలనిపించింది.

"నోరు మూసుకోరా," అంది అక్క.

అనేసి, తనేమందో తనకే తట్టి, నావైపు చూసి పక్కున నవ్వింది. రెండు పళ్ళూ, సందూ, కుడి మూలా అన్నీ కనపడేలా నవ్వింది. చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.