చిన్నతల్లి ఇచ్చిన మాత్ర

కాలితో పెడల్ తొక్కి, కత్తుల మధ్య జీడిగింజను చీల్చి, పప్పును బయటికి తీస్తోంది తవిటమ్మ. పలాస జీడి ఫ్యాక్టరీలో ఈ పీట మీదే కూర్చుని కూతుర్ని పెంచింది, సోంపేటకు ఇచ్చి పెళ్లి చేసింది. జీడినూనెకు వేళ్లు నల్లబడిపోయాయి. పెళ్లిళ్లలో ఎవరైనా గోరింటాకు పెట్టబోతే నవ్వి చెయ్యి వెనక్కి లాక్కునేది.

వేసవిలో జారిపడి వెన్నెముక చిట్లింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ గట్టి నొప్పిమాత్రలు రాసింది. ఎక్కువ వేసుకోవద్దంది, నిద్రమాత్రలతో అస్సలు కలపొద్దంది. మొదట్లో ఒక్కటి వేసుకుంటే ఒళ్లు తేలికయ్యేది. ఇప్పుడు ఒకటి చాలడం లేదు.

మధ్యాహ్నం కునుకు పట్టి ఆమె తల ముందుకు వాలింది. ఆమెను సొంత అక్కలా 'అప్పా' అని పిలిచే పక్కపీట చిన్నతల్లి చప్పున భుజం పట్టుకుంది.

"అప్పా! రేతిరి తొంగున్నావా, నేదా?"

"ఏటి తొంగుంటానే. ఏ పక్కకి తిరిగినా పోటే."

మొగుడు పోయిన దగ్గర్నుంచి చిన్నతల్లి నిద్రమాత్రలు వాడుతోంది. కొంగుముడి విప్పి, అట్టలోంచి ఒకటి తుంచి ఇచ్చింది.

"ఇదేసుకో. సుకంగా నిద్దరొస్తాది."

"డాక్టరమ్మ వద్దన్నాదే."

"నాను రోజూ ఏసుకుంతన్నాను కదా, నాకేటయినాది?"

తవిటమ్మ దాన్ని చాలాసేపు గుప్పిట్లోనే ఉంచుకుంది. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి నడుము నిప్పుల మీద పెట్టినట్టుంది. నొప్పిమాత్రలు రెండు వేసుకుంది. వెనకే చిన్నతల్లి ఇచ్చింది కూడా మింగి, అరుగు మీద చాప పరుచుకుని ఒరిగింది. నొప్పి మెల్లగా దూరం జరిగింది.

చిన్నతల్లి పక్కనే ఉన్న తన ఇంటి నుంచి గిన్నెలో పులుసు పట్టుకొచ్చేసరికి గురక వినిపిస్తోంది. గురకకూ గురకకూ మధ్య చాలా ఎడం ఉంది. ఎప్పుడూ ముడిపడి ఉండే ఆ నుదురు ఇప్పుడు నున్నగా ఉంది. తన వల్ల ఇంత సుఖం కలిగిందని చిన్నతల్లికి తృప్తిగా అనిపించింది.

"ఒరే, గోల సెయ్యకండిరా! అప్ప ఇన్నాళ్లకి తొంగున్నాది," అని వీధిలో పిల్లల్ని కసిరి, గుమ్మం దగ్గర కాపలా కూర్చుంది.

కాసేపటికి గురక ఆగింది. మంచి నిద్ర పట్టిందనుకుంది. దుప్పటి కప్పబోతే పాదం చల్లగా తగిలింది.

"అప్పా... ఓలప్పా!"

108లో వచ్చినతను నాడి చూశాడు, కళ్లలో లైటు వేసి చూశాడు. ఏ మందులు వేసుకుందని అడిగాడు. చిన్నతల్లి చెప్పింది.

"ఆ రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోతాదమ్మా," అన్నాడు మెల్లగా.

చిన్నతల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. వీధిలో పిల్లలు ఇంకా చప్పుడు చేయకుండానే ఆడుకుంటున్నారు. పెరట్లో దండెం మీద, తవిటమ్మ వస్తూనే ఉతికి ఆరేసుకున్న పనిచీర అంచు నుంచి ఒక్కో నీటిబొట్టూ జారుతోంది.