ఈసారి పడేది నేను

ఇంద్రాణి ఎన్నిసార్లు విధవయిందో లెక్కలేదు. పెళ్ళి మాత్రం ఇంకా కాలేదు.

జంషెడ్‌పూర్‌లో నటించి బతుకుదామనుకునే ఆడపిల్లకి ఖాయంగా దొరికే వేషం అదొక్కటే. మార్చిలో భద్రతా వారోత్సవాలొస్తాయి. కాంట్రాక్టర్లందరికీ ఒక్కసారిగా కూలీల ప్రాణాలు గుర్తొస్తాయి. యార్డులో షామియానా వేసి నాటకం ఆడిస్తారు. ఎవరు రాసినా నాటకం ఒకటే. రాంలాల్ అనే కూలీ తాగుతాడు. చెవిలో ఫోను పెట్టుకుని ఎత్తు మీదికెక్కుతాడు. బెల్టు కట్టుకోడు. పడి చస్తాడు. పెళ్ళాం పరిగెత్తుకొచ్చి, బొట్టు చెరుపుకుని, బెల్టు కట్టుకోమని ఎన్నిసార్లు చెప్పానయ్యా అని ఏడుస్తుంది. అప్పుడు తెల్ల హెల్మెట్ పెట్టుకున్న మిశ్రా సాబ్ అనే ఆఫీసరు వచ్చి నీతి చెబుతాడు. కూలీ చావుకి కూలీదే తప్పు. తర్వాత సమోసాలు పంచుతారు.

ఆ పెళ్ళాం ఇంద్రాణి. చచ్చినవాడికి పేరుంది, నీతి చెప్పినవాడికి పేరుంది. ఏడ్చినదానికి లేదు.

అసలు ఆమె వేసిన ఏ వేషానికీ పేరు లేదు. సంతాలీ పాటల వీడియోలో పెళ్ళికూతురి స్నేహితురాలు. నగల దుకాణం ప్రకటనలో వెనక నిలబడే వదిన. ఒక సిరీస్‌లో నర్సు, అదీ రెండో నర్సు. పేరున్న పాత్ర ఒక్కటి, ఎవరైనా తనని పేరుపెట్టి పిలిచే పాత్ర ఒక్కటి చెయ్యాలి. ఆమె కోరికంతా అదే. చిన్న కోరికలా కనిపిస్తుంది. కానే కాదు.

ఇల్లు పర్సుడీహ్‌లో, తెలుగువాళ్ళ వాడలో. తండ్రి పైడిబాబు టాటానగర్ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పొద్దున్నే ఆమె గోడకి దుప్పటి కట్టి, బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి, పేరు, వయసు, ఎత్తు చెప్పి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి తిరిగి, వేషాలిచ్చే ముంబై వాళ్ళడిగిన రెండు ముక్కలూ చెబుతుంది. సరిగ్గా మంచి ముక్క దగ్గర స్టేషన్ మైకు మోగుతుంది. మళ్ళీ మొదటికి. వీడియో పంపాక షేర్ ఆటోలో సాక్చీ. అక్కడి స్టూడియోల చుట్టూ తిరగడం, ‘ఫోన్ చేస్తాం’ అనిపించుకుని రావడం. సాయంత్రం నాటకం ఉంటే నాటకం.

నాటకం నుంచి వచ్చిన ప్రతిసారీ తల్లి అమ్మణ్ణి గుమ్మంలో అడ్డంగా నిలబడేది.

“ఆగవే గుంటా, ఆగు! ముందు బొట్టెట్టుకుని లోపలికి రా. ఈయేల ఎవుడు సచ్చాడు?”

“వహీ, రాంలాల్. ఔర్ కౌన్?”

“ఆడు సావకుండా ఒక్క ఆటైనా ఆడనేరా మీరు?”

“ఆడు సత్తేనే కదే దీనికి పని,” అన్నాడు పైడిబాబు లోపల్నుంచి.

ఈ మార్చిలో మాత్రం ఒక కబురొచ్చింది. నందిత అని, ఈ ఊళ్ళోనే బారిడీహ్‌లో పుట్టిన తెలుగమ్మాయి, ఇంజినీరుగారి కూతురు. ముంబైలో ఉంటుంది. సిరీస్‌లకి నటుల్ని వెతికిపెట్టడం ఆమె ఉద్యోగం. ఇక్కడే తీయబోయే సిరీస్‌లో కమలాదేవి అనే పాత్ర ఉందట. రెండు సీన్లు. భర్త కార్ఖానాలో పోతాడు, ఏడవాలి. “మీ నాటకానికి వచ్చి చూస్తాను. ఏడుపు బాగుంటే వేషం నీకే,” అంది ఫోన్లో.

కమలాదేవి! ఇంద్రాణి ఆ పేరుని వంటింట్లో గట్టిగా అనుకుని చూసుకుంది.

నాటకం భుయ్యాడీహ్‌లో, నది పక్కనున్న ఒక కాంట్రాక్టరు యార్డులో. ఇంద్రాణి వెళ్ళేసరికి రఘువీర్ తల పట్టుకుని కూర్చున్నాడు. బృందం అతనిది, రాసేదీ అతనే, మిశ్రా సాబ్ వేషమూ అతనిదే. చదువుకున్న ఇంటివాడు. నాటకమంటే ప్రాణం, కాంట్రాక్టరంటే భయం.

“సునీల్ రావట్లేదు,” అన్నాడు.

“ఏటయింది?”

“వాడికి నిజంగానే పని దొరికింది. గేట్ పాస్ ఇచ్చేశారట. ఇప్పుడు షిఫ్టులో ఉన్నాడు.”

ఇన్నాళ్ళూ రాంలాల్ వేషం కట్టిన సునీల్ ఇప్పుడు రాంలాల్ పనికే పోయాడు. ఢోలక్ వాయించే సూర్యం పకపకా నవ్వాడు. రఘువీర్‌కి నవ్వు రాలేదు.

“ఒక పని చేద్దాం. గోనెసంచులు మూటకట్టి పైన గుడ్డ కప్పుదాం. రాంలాల్ అప్పటికే చచ్చిపోయాడు. నువ్వు మూట మీద పడి ఏడువు, నేనొచ్చి ఉపన్యాసం చెప్తాను. నీకు కావలసింది అదే కదా? నందిత వచ్చి కూర్చుంది చూడు.”

ఇంద్రాణి చూసింది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో యార్డు మేనేజరు, పక్కనే నందిత. వెనక నేల మీద కూలీలు. వాళ్ళకి ఈ నాటకం కంఠతా వచ్చు. “అరే, రాంలాల్ ఆజ్ కిత్నా పీయేగా?” అని ఒకడు ముందే అరుస్తున్నాడు, ఇవాళ ఎంత తాగుతాడని. వాళ్ళకీ వెనక, ఎండలో, రేజాలు. ఇటుకలూ సిమెంటూ తట్టల్లో మోసే ఆడకూలీలు. ఆ పొద్దునే ఇచ్చిన హెల్మెట్లు కొప్పుల మీద కుదరక పక్కకి వాలిపోతున్నాయి. వీళ్ళూ ఎక్కుతారు. వీళ్ళూ పడతారు. ఏ నాటకంలోనూ ఒక్క రేజా పడలేదు. ఏడవడానికి తప్ప ఆడదాన్ని ఎవరూ పిలవలేదు.

“భయ్యా, మూటొద్దు. ఈసారి పడేది నేను.”

“నువ్వా? మరి విధవెవరు?”

“ఎవరూ నేరు. నేను రేజాని. నేనే ఎక్కుతాను, నేనే పడతాను.”

“ఆడది పడితే ఏడ్చేదెవరు?”

“నువ్వున్నావు కదా.”

“నేను ఆఫీసర్ని!”

“ఆఫీసర్లు ఏడవకూడదని రూలుందేటి?”

“రఘుబాబూ, ఒప్పీసుకో,” అన్నాడు సూర్యం ఢోలక్ తాళ్ళు బిగిస్తూ. “మూట కంటే ఇందూ నయం కదా.”

“ఇందూ, పిచ్చి వేషాలొద్దు. ఏడవకపోతే ఆ కమలాదేవి పోతుంది నీకు.”

పోతుంది. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. తెలిసే కొంగు నడుముకి దోపుకుంది. వెనక్కి వెళ్ళి ఒక రేజా దగ్గర తట్టా హెల్మెటూ అడిగి తెచ్చుకుంది.

ఢోలక్ మోగింది. తట్ట నెత్తిన పెట్టుకుని ఇంద్రాణి వచ్చింది. రాంలాల్ కోసం చూస్తున్న మగవాళ్ళు ఈలలేశారు. ఆమె పట్టించుకోలేదు. ఇనపడ్రమ్ముకి ఆనించిన నిచ్చెన దాకా వచ్చి ఆగింది. తెల్ల హెల్మెట్ పెట్టుకుని మైకు దగ్గరున్న రఘువీర్ వైపు తిరిగింది.

“సాబ్, బెల్ట్ కహాఁ హై?”

రాసుకున్న నాటకంలో ఈ ముక్క లేదు. రఘువీర్ నోరు తెరిచాడు. ఎన్ని యార్డులు తిరిగాడో, ఎన్నిసార్లు ఆ మాట విన్నాడో గానీ, తడుముకోకుండా అదే వచ్చేసింది.

“బెల్ట్ శామ్ కో ఆయేగా. తూ చఢ్.”

బెల్టు సాయంత్రం వస్తుంది, నువ్వెక్కు. యార్డు యార్డంతా గొల్లున నవ్వింది. అది నాటకం చూసి నవ్వే నవ్వు కాదు. రోజూ వినే మాట మైకులో వినిపిస్తే వచ్చే నవ్వు. మేనేజరొక్కడే నవ్వలేదు.

ఇంద్రాణి ఎక్కింది. తట్ట దించకుండానే ఎక్కింది. పై మెట్టు మీద కాలు జారింది. సునీల్‌కి పడటం వచ్చు, ఈమెకి రాదు. మోచెయ్యి డ్రమ్ము అంచుకి కొట్టుకుంది, హెల్మెట్ దొర్లుకుంటూ జనంలోకి పోయింది. మూట కోసం తెచ్చిన గోనెసంచుల మీద బోర్లా పడి కదలకుండా ఉండిపోయింది.

నవ్వు ఆగిపోయింది.

రఘువీర్ ముందుకొచ్చాడు. అలవాటు కొద్దీ తాగుడు మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. “దేఖియే భాయియోం, శరాబ్ పీకర్ కామ్ కర్‌నేవాలోం కా...”

“శరాబ్ కౌన్ పియా?” వెనకనుంచి ఒక ఆడగొంతు. తాగిందెవరు?

రఘువీర్ మైకు దించాడు.

“అరే, ఇస్కా నామ్ తో బోలో!” ఇంకో గొంతు. దాని పేరైనా చెప్పు!

రఘువీర్‌కి పేరు తెలియదు. పేరు పెట్టలేదు కదా. చచ్చినదాన్ని లేచి చెప్పమనడానికి లేదు. మైకు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

“ఫూల్మణి!” అని అరిచింది ఎవరో.

“సుకుర్మణి!”

“బాసంతీ! బాసంతీ థా నామ్!”

అవి వాళ్ళ పేర్లో, వాళ్ళెరిగిన వాళ్ళ పేర్లో! ఒకదాని మీద ఒకటి వస్తూనే ఉన్నాయి. ఇంద్రాణి గోనెసంచుల మీద ముఖం పెట్టి వింటూ పడుకుంది. రఘువీర్ తెల్ల హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏడవలేదు గానీ ఉపన్యాసం మళ్ళీ ఎత్తుకోలేదు. అక్కడితో మేనేజరు లేచి మైకు ఆపించేశాడు. “యే సబ్ స్క్రిప్ట్ మేఁ థా క్యా?” ఇదంతా రాసుకున్నదేనా అని రఘువీర్ మీద విరుచుకుపడ్డాడు. సమోసాలు ఆ రోజు కూడా పంచారు.

గేటు దగ్గర నందిత కలిసింది.

“ఏడుపు చూద్దామని వచ్చాను.”

“తెలుసు మేడమ్.”

“కమలాదేవి ఇక రాంచీలో చూసిన ఇంకో అమ్మాయికి వెళ్ళిపోతుంది.”

“అదీ తెలుసు.”

“మరెందుకు చేశావు?”

“ఇన్నాళ్ళూ పడ్డవాడి కోసం ఏడ్చాను. ఎలగ పడతారో ఒక్కసారి చూపిద్దామనిపించింది.” మోచేతి రక్తం కొంగుతో తుడుచుకుంది. “ఆ వేషం పోతే ఏడుపొత్తాది, అబద్ధం చెప్పను. ఇంటికెళ్ళి ఏడుత్తాను.”

నందిత గేటు దాటబోతూ వెనక్కి తిరిగింది. “క్రేన్ నడిపే బలరామ్ అని ఒక పాత్ర ఉంది. ఏడు సీన్లు. మగ వేషం. ఆడదానికిమ్మంటే డైరెక్టరు ఒప్పుకుంటాడని నేను మాటివ్వను. రేపు బిష్టుపూర్‌లో మేం దిగిన హోటల్‌కి రా. చదివి వినిపించు.”

ఇంట్లో అమ్మణ్ణి మోచెయ్యి చూసి గోలపెట్టింది. “ఈయేల నువ్వే సచ్చిపోనావా? ఓలమ్మో! ఆడ్ని సంపడం చాల్లేదేటే మీకు?”

“పోన్లేవే, ముత్తయిదువుగా పోయింది,” అన్నాడు పైడిబాబు. అమ్మణ్ణి గరిటె ఎత్తింది. తర్వాత ఆ గరిటెతోనే పసుపు వేడిచేసి తెచ్చి దెబ్బకి పట్టువేసింది.

మర్నాడు హోటల్ గదిలో డైరెక్టరు విసుగ్గా కూర్చున్నాడు. ఇంద్రాణి బలరామ్ మాటలు చదివింది. “మళ్ళీ” అన్నాడు. చదివింది. “కింద మనుషులున్నారు, పైన క్రేన్ మోగుతోంది. వాళ్ళకి వినిపించాలి,” అన్నాడు. యార్డుల్లో మైకు చెడిపోయిన రోజుల్లో ఎలా అరిచేదో అలా అరిచింది. పక్కగదివాళ్ళు తలుపు కొట్టారు. డైరెక్టరు కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఫోన్ చేస్తాం అన్నాడు.

ఆ మాట ఆమె చాలాసార్లు విన్నదే. కానీ ఈసారి ఫోన్ చేశారు. ఆమె షేర్ ఆటోలో, నలుగురి మధ్య ఇరుక్కుని సాక్చీ వెళ్తోంది.

“వేషం నీదే,” అంది నందిత. “కాకపోతే ఏడు సీన్లు నాలుగయ్యాయి.”

“ఏ మూడు తీసీసారు?”

“అరె, ముందు సంతోషపడవా?”

“సంతోషంగానే అడుగుతన్నాను. ఏ మూడు?”

“తాగే సీను. భార్యతో గొడవ. యూనియన్ మీటింగులో మాట్లాడేది...”

“తాగేదీ గొడవా తీసీమనండి. మీటింగుది తియ్యకూడదు మేడమ్. ఆ కాగితం పంపండి, రాత్రికి వీడియో చేసి పంపుతాను. చూసాక కూడా వద్దంటే అప్పుడు తియ్యమనండి.”

“అమ్మా తల్లీ! సరే, అడుగుతాను.”

“ఇంకోటి. పేరేటి? బలరామ్ అంటే కుదరదు కదా.”

“అది షూటింగులో చూసుకుందాంలే.”

“కాదు. షూటింగులో చూసుకుందామంటే అది పేరులేని క్రేన్‌వాలీ అయిపోతాది. ఇప్పుడే పెట్టండి. నేను లైన్లోనే ఉంటాను.”

అవతల నందిత నవ్వు. తర్వాత ఎవరినో పిలుస్తున్న గొంతు, కుర్చీ జరిపిన చప్పుడు. ఆటో సాక్చీలో ఆగింది. ఇంద్రాణి దిగి, ఫోను చెవికి నొక్కిపట్టి, ఎండలో నిలబడింది. పెట్టెయ్యలేదు.