బొట్టు వెనక ముల్లు

నేను ఒక ప్రెజర్ గేజ్‌ని. సాసరంత ముఖం, సున్నా నుంచి ఆరు దాకా అంకెలు, ఒకే ఒక్క ముల్లు. నాకు నోరు లేదు కాబట్టి అబద్ధమాడే వీలు లేదు. ఆ పని నన్ను చూసేవాళ్లు చేస్తారు.

కోయంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మొదట చెరుకు ఫ్యాక్టరీలో ఉన్నాను, సగం ఏడాది పని, సగం ఏడాది బూజు! అది మూతపడ్డాక పాత సామానుతో కలిసి అమ్ముడుపోయి, అనకాపల్లి దగ్గర బట్టలకు రంగులద్దే కంపెనీలో ఇసుక ఫిల్టర్ నెత్తికెక్కాను. ఏటి నీళ్లు ఆ ఇసుకలోంచి దిగి శుభ్రపడతాయి. ఇసుకలో బురద పేరుకునేకొద్దీ నా ముల్లు లేస్తుంది. మూడు దాటిందా, నీటిని కిందనుంచి పైకి తోసి ఇసుకను కడగాలి. అంతే నా ఉద్యోగం.

దసరాకి ఆపరేటర్ గౌరినాయుడు మిషన్లన్నిటికీ పూజ చేశాడు. పంపుకి బొట్టు, మోటారుకి బొట్టు. నా దగ్గరికొచ్చేసరికి భక్తి పొంగి, అద్దం మీద బొటనవేలంత కుంకుమ అద్దాడు, సరిగ్గా మూడుకీ నాలుగుకీ మధ్య. అప్పటికి నా ముల్లు రెండు దగ్గరే ఉంది. తర్వాత తుపానొచ్చింది, ఏరు ఎర్రబడింది, నా ముల్లు మెల్లగా పాకి బొట్టు వెనక దాక్కుంది. గౌరినాయుడు రోజూ వచ్చి, నన్ను కళ్లకద్దుకుని, పుస్తకంలో రెండు అని రాసి వెళ్లేవాడు.

దసరాకి ముందే ట్రైనీగా నూకరత్నం చేరింది. మూడు నెలల తర్వాత గౌరినాయుడు పనికొస్తుందంటేనే ఉద్యోగం ఖాయం. ఇంకా నాలుగు రోజులుందనగా ఆ పుస్తకం మొదటిసారి ఆమె చేతికొచ్చింది.

"బాబాయ్, ముల్లేదీ?"

"అమ్మోరి బొట్టెనకాల ఉంటాదిలే. రెండని రాసెయ్."

"సూడకుండానా?"

"నలభై రోజులై రాత్తన్నాను, ఏటయ్యింది? బొట్టు సెరిపితే పాపం తగుల్తాది. అందులోనూ పర్మినెంటయ్యే ముందు!"

"అమ్మోరికి నేను సెప్పుకుంటాను గానీ, ఈ ఫిల్టర్ పగిల్తే ఎవులికి సెప్పుకుంటాం బాబాయ్?"

చున్నీ కొంగుతో ఒక్క తుడుపు తుడిచింది. మూడు పాయింట్ ఎనిమిది! అదే రాసింది. వాల్వులు తిప్పింది. అరగంటసేపు టీ రంగు నీళ్లు కక్కి, ఫిల్టర్ తేరుకుంది. నా ముల్లు రెండుకి దిగింది.

మర్నాడు మేనేజర్ శేషగిరి పుస్తకం పట్టుకుని దిగాడు. "మొన్న రెండు, నిన్న మూడు పాయింట్ ఎనిమిది. ఎవరు తప్పు రాశారు?"

రత్నం ఉద్యోగం ఇప్పుడు గౌరినాయుడి నోట్లో ఉంది. అతను నన్ను చూశాడు, ఆమె చున్నీకి ఇంకా వదలని కుంకుమ మరకని చూశాడు.

"నానేనండి. బొట్టెట్టిందీ నానే, సూడకుండా రాసిందీ నానే. ఈ గుంట సూసి రాసింది."

రత్నం పర్మనెంటయింది. గౌరినాయుడికి మెమో వచ్చింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి ఏడు పరీక్షలో నా ముల్లు బరువెక్కి సరిగ్గా కదలడం లేదని తేల్చి, నన్ను ఊడదీసి స్టోర్‌రూమ్ అరలో పెట్టారు. మళ్లీ దసరా వచ్చింది. కొత్త గేజ్‌కి బొట్టు మెడ దగ్గర, ఇత్తడి మీద పెట్టారట. తర్వాత గౌరినాయుడు నా దగ్గరికొచ్చి దుమ్ము దులిపాడు.

"ఇప్పుడు ఎట్టుకో. ఇంక నిన్ను సూసి రాసీవోళ్లు లేరు కదా."

అద్దం నిండా పెద్ద బొట్టు పెట్టాడు. అయినా ముల్లు ఆగిన సున్నా దగ్గర మాత్రం వేలెడు చోటు వదిలేశాడు.