తడి తగిలిన పన్ను

మా అమ్మ వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు పోయినవాళ్ళను తిడుతూ ఏడుస్తారు. "నన్ను ఆగం జేసి పోతివి గదనే, నీకు మనసెట్లొచ్చిందే" అని మీదపడి కడుపులో మంటంతా కక్కేస్తారు. దినాలు అయిపోగానే ఆ తిట్లూ అయిపోవాలి. మా చెల్లెలు పూర్ణిమ డెంగ్యూతో పోయి మూడేళ్ళయినా నా తిట్లు ఆగలేదు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. దాని బిడ్డ అమలకు జడ వేస్తూ తిడతాను, కూర మాడితే తిడతాను, కరెంటు పోయినా దాన్నే తిడతాను. "మీ అమ్మకేంది, మహారాణి! అన్నీ నా నెత్తిన వెట్టి హాయిగ పోయి పండుకున్నది" అంటాను. పన్నెండేళ్ళ అమల తల వంచుకుని వింటుంది.

దాని నాన్న దయాకర్‌ది రైల్వే ఉద్యోగం. మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఉన్నాడన్న పేరే గానీ ఎప్పుడూ ఏదో ఒక గూడ్సు బండిలో ఉంటాడు. అందుకే పిల్ల తార్నాకలో నా దగ్గర పెరుగుతోంది. బడి అయ్యాక యూనివర్సిటీ లైబ్రరీకి, నా పని దగ్గరికి వస్తుంది. ఆ సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఇద్దరం మొక్కజొన్న కంకులు తింటున్నాం. అమల గింజలు వేలితో ఒలుచుకుని కుడివైపే నములుతోంది. ఎడమ దవడ కాస్త ఉబ్బి కనిపించింది.

"ఏందే, పన్ను నొస్తున్నదా?"

"లేదు పెద్దమ్మా."

"నోరు తెరువు."

"ఏం లేదంటున్న గద!"

కంకి అక్కడే పెట్టేసి గేటు వైపు గబగబా నడిచింది. నేను ఊరుకునే రకమా? వెంటపడి పట్టుకుని, ఆటో ఎక్కించి, తార్నాకలో పళ్ళ డాక్టర్ శామ్యూల్ గారి దగ్గరికి తీసుకుపోయాను.

ఐదేళ్ళ కిందట అమల దవడ పళ్ళకు సీలెంట్ అనే పూత వేసింది ఆయనే. అప్పుడూ నేను గొడవ పెట్టుకున్నాను, ఊడిపోయే పాల పళ్ళకు పూతలేంటని. "అక్కా, వెనకాల వచ్చినయి పాల పండ్లు కావే. ఏ పన్నూ ఊడకుండ కొత్తగ మొలిచినయి. ఇగ జన్మంత ఇవే" అని పూర్ణిమ నవ్వింది. పళ్ళ మీది సన్నని గీతల్లో తిండి ఇరుక్కుని పుచ్చిపోకుండా ఆ పూత మూసేస్తుందట. ఆరు నెలలకోసారి తీసుకుపోయి చూపించేది కూడా పూర్ణిమే. అది పోయాక, పోదాం రావే అంటే అమల ఏదో ఒక సాకు చెప్పేది.

శామ్యూల్ గారు బతిమాలగా బతిమాలగా పిల్ల నోరు తెరిచింది. అద్దం పెట్టి చూశారు, ఎక్స్‌రే తీశారు. ఆయన ముఖం వాడిపోయింది.

"మూడు పండ్ల మీద పూత మంచిగనే ఉన్నది విజయశ్రీ గారూ. కొంచెం అరిగింది, మళ్ళ వేస్త. ఈ ఎడమ కిందిది మాత్రం లేచిపోయింది. లోపల పుచ్చి వేర్ల దాక పోయింది. రూట్ కెనాల్ చేద్దామన్నా పైన నిలబడేంత పన్ను మిగల్లేదు. తీసెయ్యాలె."

"తీస్తే మళ్ళ వస్తదా సార్?" తెలిసే అడిగాను.

"రాదమ్మా."

నా చూపుడు వేలు లేచింది. "ఆ మూడు మంచిగుంటే ఇదొక్కటి ఎట్ల లేచింది?"

"పూత వేసేటప్పుడు పన్ను పొడిగ ఉండాలె. ఉమ్మి తగిలితే గట్టిగ పట్టదు, కొన్నాళ్ళు ఉండి లేస్తది. అప్పుడు తడి తగిలి ఉంటది. మధ్యల చూపిస్తే మళ్ళ వేసేటోణ్ణి."

పూత వేసిన రోజు ఆయన అసిస్టెంట్ రాలేదని పూర్ణిమ ఇంటికొచ్చాక చెప్పింది. అమల చెంపకూ పన్నుకూ మధ్య దూది పట్టుకుని నిలబడింది పూర్ణిమే. అది గుర్తొచ్చాక నా నోరు ఆగుతుందా? "ఇంకేముంది! దూది పట్టుడు గూడ రాలే మా మహారాణికి..."

"అమ్మను అనకు!"

అమల అరిచిన అరుపుకు బయట కూర్చున్నవాళ్ళు తొంగిచూశారు. పిల్ల కుర్చీలో లేచి కూర్చుంది.

"నేనే నవ్విన. నవ్వితే తడి తగుల్తది, పూత పట్టదు, నవ్వొద్దని సార్ చెప్పిండు. నాకు భయమైతుంటే అమ్మ నవ్వించింది. దూది జారింది, మళ్ళ వెట్టింది. అమ్మ తప్పు కాదు." వెక్కుతూ నా వైపు చూసింది. "నొస్తున్నదంటే డాక్టర్ దగ్గరికి తెస్తవు. గిది తెలిస్తే అమ్మను తిడ్తవు. రోజూ తిడ్తనే ఉంటవు. అందుకే చెప్పలే."

తల్లికి ఒక్క తిట్టు తప్పించడానికి ఎన్ని నెలలు పంటి బాధ ఓర్చుకుందో పిచ్చితల్లి! నా చెల్లెలు లేదన్న ఏడుపే నాకు తిట్లుగా వస్తోందని ఆ పిల్లకు నేనెప్పుడు చెప్పాను గనుక?

దయాకర్‌కు ఫోన్ చేసి చెప్పాం. శామ్యూల్ గారు సూది ఇచ్చి పన్ను తీశారు. అమల నా చేయి వదల్లేదు. దూది కరిచిపట్టుకోమని, కాసేపు మాట్లాడొద్దని చెప్పి పంపారు.

బయట ఆటో కోసం నిలబడ్డాం. చీకటి పడుతోంది. "మీ అమ్మ ఏం చేసి నవ్వించిందే ఆ రోజు?" అని అడిగాను.

అమల నోరు విప్పలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది. నడుం మీద ఒక చేయి పెట్టుకుని, కనుబొమలు ముడిచి, ముక్కుపుటాలు పొంగించి, చూపుడు వేలు నా ముఖం ముందు ఆడించింది.

అది నేను. కోపమొచ్చినప్పటి నేనే. చిన్నప్పటి నుంచీ పూర్ణిమ నన్ను ఇలాగే వెక్కిరించేది.

రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా సరే, పిల్లను పట్టుకుని బోరుమన్నాను. మాట్లాడకూడదు కాబట్టి అమల నా వీపు నిమురుతూ నిలబడింది.