సిందూరం దిద్ది పంపిన చేప

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. మాఘమాసపు పొగమంచు భవానీపూర్ వీధిలో ఎదురింటి వసారా కనబడనంత దట్టంగా ఉంది. వాకిట్లో వేలాడే ఉష్ణమాపకం పదమూడు డిగ్రీలు చూపుతోంది. గాలి బొత్తిగా లేదు. ఇది వర్ణన కోసం రాయడం లేదు. తరువాత జరిగినదానిలో ఆ పదమూడు డిగ్రీలకు న్యాయమైన వాటా ఉంది.

ఆ ఉదయం మా ఇంట్లో నా తమ్ముడు హిమాద్రి గుహనియోగి ఏకైక కుమారుడు శౌనక్‌కు పసుపు రాస్తున్నారు. సాయంత్రం వాడి పెళ్ళి. మా వైపు వరుడికి రాయగా మిగిలిన పసుపు, చీరలతోనూ మిఠాయిలతోనూ కలిసి వధువు ఇంటికి సారెగా వెళ్తుంది. ఆ సారెకు పెద్ద ఒక రోహు చేప. దానికి ఎర్రచీర చుట్టి, ముక్కుకు నత్తు తగిలించి, తలమీద సిందూరం దిద్ది పెళ్ళికూతురిలా ముస్తాబు చేస్తారు. వధువు ఇంటివారు దాన్ని ఆ పూటే కోసి, వండి, వచ్చినవారికి వడ్డించాలి. కోయకుండా ఉంచితే అశుభం. ఈ సంగతి తెలియని బెంగాలీ పుట్టలేదు. హిమాద్రికీ తెలుసు. అయితే తెలిసిన నియమం తనకు వర్తించదని వాడి నమ్మకం. వాడి జీవితంలోని తప్పులన్నీ ఈ ఒక్క రకానికి చెందినవే.

సారెలో వాడు రోహును పంపలేదు. తన హాల్లోని గాజుతొట్టె నుంచి అరోవానా అనే అలంకారపు చేపను పంపాడు.

ఎందుకు పంపాడో తెలియాలంటే ఎనిమిదేళ్ళు వెనక్కి పోవాలి. ఆ చేపను వాడు తెచ్చినప్పుడు అది వేలెడంత ఉండేది. మూరెడుకు మించి ఎదిగింది. కత్తి ఒరలాంటి ఒళ్ళు, నాణేల్లాంటి పొలుసులు, కింది పెదవికి రెండు మీసాలు. చీనాదేశపు డ్రాగన్ అంశ అని, యజమానికి రాబోయే కీడును తనమీద వేసుకుంటుందని అమ్మినవాడు చెప్పాడు. చేప వచ్చిన నాలుగు నెలలకు హిమాద్రికి ఆఫీసులో పదోన్నతి వచ్చింది. అది వరుస ప్రకారం ఎలాగూ రావలసినది. ఒకటి వెనక ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం కాదని, ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఏళ్ళు తర్కశాస్త్రం చెప్పినదాన్ని కనుక, ఒకసారి అన్నాను. పెళ్ళి కానిదానికి ఈర్ష్య ఎక్కువ అని వాడు నా వెనక అన్నాడట.

చేపకు మహారాజు అని పేరు పెట్టాడు. సేవ మాత్రం వాడిది కాదు. ప్రతి ఆదివారం సగం నీళ్ళు తోడి పోసినది, వడపోత స్పాంజి పిండి ఆరవేసినది, వంటింటి మూలల్లో బొద్దింకలను బతికుండగా పట్టి తెచ్చి వేసినది వాడి భార్య కనకలత. హిమాద్రి సాయంకాలాలు అతిథులను కుర్చీల్లో కూర్చోబెట్టి, దీపం వేసి ఉపన్యసించేవాడు.

"ఆ మలుపు చూడండి, ఆ ఠీవి చూడండి! తినే చేప వేరు మిత్రమా, చూసే చేప వేరు. చూసే చేపకి వంశం ఉంటుంది."

ఈ మాటలంటూనే కనకలత తెచ్చిన హిల్సా చేప వేపుడు ముల్లు తీసి నోట్లో పెట్టుకొనేవాడు. మనుషుల్లో కులాలను బహిరంగంగా పొగడడం మర్యాద కాదని గ్రహించిన ఆ తరం పెద్దమనుషులు ఆ సరదా ఎక్కడో ఒకచోట తీర్చుకోవాలి; మా తమ్ముడు చేపల్లో తీర్చుకున్నాడు.

అటువంటి ఇంటికి కోడలు కాబోయిన పిల్ల మహువా బర్మన్. శౌనక్‌తో బ్యాంకులో పనిచేస్తుంది. తండ్రి గోష్ఠబాబు పాతిపుకూర్‌లో చేపల టోకు వర్తకుడు. ఆంధ్రా నుంచి మంచుపెట్టెల్లో వచ్చే రోహు లారీలు ఆయన గోదాము ముందు ఆగుతాయి. ఆయన ఇంటికి మూడంతస్తులు, మా ఇంటికి రెండు. ఈ తేడాను హిమాద్రి ఎన్నడూ క్షమించలేదు.

ఆ పిల్ల మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు నేను హాల్లోనే ఉన్నాను. ఆమె చనువుగా తొట్టె దగ్గరికి నడిచింది.

"అమ్మాయ్, ఆగు. ముందు చేతులు కడుక్కొని రా, సబ్బుతో" అన్నాడు హిమాద్రి.

"కడుక్కునే వచ్చానండీ."

"మరోసారి కడుక్కుంటే అరిగిపోవులే. మా మహారాజు సుకుమారుడు. బజారు చేపల నీచు తగిలితే జబ్బు చేస్తుంది."

ఆమె లోపలికి వెళ్ళి కడుక్కొని వచ్చింది. "ఇప్పుడు చూడొచ్చాండీ?"

"దూరం నుంచి."

శౌనక్ అప్పుడు కిటికీ తెర నేతను పరిశీలిస్తున్నాడు. ఇటువంటి సమయాల్లో వాడికి నేతపని మీద ఆసక్తి పుడుతుంది. మహువా చేతులు వెనక్కి కట్టుకొని, దూరం నుంచే, తొట్టె వైపు చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో ఏ భావమూ లేదు. ముఖంలో భావం లేకుండా చూడగలిగిన మనిషిని తేలికగా తీసుకోకూడదని హిమాద్రికి ఎవరూ నేర్పలేదు.

పెళ్ళికి వారం ముందు వాడు తన నిర్ణయం ప్రకటించాడు.

"వాళ్ళింటికి రోహు ఏమిటి దీదీ, నవ్విపోతారు! గోష్ఠబాబు పొద్దున్నే మంచం దిగితే రోహు మీదే కాలు పడుతుంది. మహారాజుని పంపుతాను. వాళ్ళ వంశంలో ఒక్కసారైనా చేపని చూడ్డం నేర్చుకోనీ, నమలడం కాకుండా."

ఈ ఔదార్యానికి మరో కారణం కూడా ఉంది. కొంతకాలంగా మహారాజు కుడికన్ను కిందికి జారింది. వయసు మళ్ళిన అరోవానాలకు అలా జరుగుతుంది. అభిరుచి గలవారి మధ్య దానికి విలువ పడిపోతుంది. హిమాద్రి అప్పటికే సింగపూర్ నుంచి ఎర్రరకం ఒకదానికి చెప్పి ఉంచాడు. అంటే వియ్యపురాలికీ వియ్యంకుడికీ వెళ్ళేది వాడు వదిలించుకోదలచిన చేప.

"సారెలో వెళ్ళిన చేపని కోస్తారు హిమూ" అన్నాను.

"చేపలు అమ్ముకునేవాళ్ళే గానీ బొత్తిగా అడవి మనుషులు కాదుగా. గాజుతొట్టెలో ఈదుతూ వస్తే కోస్తారా?"

"అయితే సిందూరం దిద్దకు. సారెతో కాదు, రెండు రోజులాగి విడిగా పంపు."

"సిందూరం లేకుండా, పెళ్ళిరోజు కాకుండా పంపితే చేప పంపలేదన్న మాట మిగలదూ?"

అంటే ఆచారం పాటించిన పేరు కావాలి, ఆచారం వల్ల వచ్చే ఫలితం మాత్రం వద్దు. దీన్ని తార్కికంగా ఖండించడానికి ఒక వాక్యం చాలు. కానీ ఖండన అర్థమయ్యేవాడికి అసలు ఆ కోరిక పుట్టదు.

ఆ ఉదయం మహారాజును ఒక చిన్నతొట్టెలోకి మార్చి, ఆడవాళ్ళు దాని చుట్టూ ఎర్రచీర కట్టారు. గాజు మీద సిందూరం పెడితే సరిపోతుందని హిమాద్రి అంటే, మా పెద్ద పిన్ని ఒప్పుకోలేదు. "గాజుకా పెళ్ళి? చేపకి తగలాలి" అంది. ఇతరులు చెయ్యి పెడితే అది తోకతో కొడుతుంది. కనకలత మోచేతి దాకా నీళ్ళలో ముంచి, దాని తలమీద పసుపూ సిందూరమూ రాసింది. అది కదలకుండా రాయించుకుంది.

తొట్టెను వ్యాన్‌లోకి ఎక్కించి, కనకలత తమ్ముడు బొంబల్‌ను మా తరఫు పెద్దగా పంపారు. చేపను రోజూ చూసుకోవాలని వాళ్ళకు చెప్పమని హిమాద్రి వాడికి మరీ మరీ చెప్పాడు. నీళ్ళు వెచ్చబరిచే కడ్డీ హాల్లో గోడకే ఉండిపోయింది. వేడినీళ్ళ దేశపు చేప పదమూడు డిగ్రీల చలిలో, శ్యాంబజార్ దగ్గర ఇరుక్కుపోయిన వ్యాన్‌లో, చీర చుట్టుకొని ఎంతసేపు ఉన్నదో బొంబల్ ఆనక చెప్పలేకపోయాడు. నిద్రపోయాడట.

మధ్యాహ్నం వాడు ఒక ఇత్తడి కేరియర్ పట్టుకొని, త్రేన్చుకుంటూ తిరిగి వచ్చాడు.

"బావగారూ, మర్యాదంటే వాళ్ళది! చేతులు కడుక్కోడానికి వేడినీళ్ళు, కూర్చోడానికి పట్టు ఆసనం. మీరేమో చేపలమ్మేవాళ్ళని ఈసడిస్తారు."

"మహారాజుని చూసి ఏమన్నారు? హాల్లోనే పెట్టారా?"

"హాల్లోనా? పెరట్లో పెట్టారు, కత్తిపీట దగ్గర."

హిమాద్రి లేచి నిలబడ్డాడు.

"ఆవపిండి పెట్టి వండారు బావగారూ. కాస్త గట్టిగానే ఉంది గానీ రుచి చెడ్డది కాదు. తల మీకోసం విడిగా పంపారు, వియ్యంకుడికి తల పెట్టడం గౌరవం కదా."

కేరియర్ పై గిన్నె తెరిచాడు. పసుపుపచ్చని పులుసులో తల నిలువుగా ఉంది. రెండు మీసాలూ చెక్కుచెదరలేదు. జారిన కన్ను కింది నుంచి చూస్తోంది.

"చెప్పమన్నది చెప్పావా లేదా అంటారేమో, చెప్పాను" అన్నాడు బొంబల్. "'రోజూ చూసుకోవాలట' అన్నాను. పెళ్ళికూతురి నానమ్మ 'మా అల్లుడి ముఖం చూసుకుంటాం, చేపని ఏం చూస్తాం నాయనా' అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

హిమాద్రి గోష్ఠబాబుకు ఫోన్ చేసి అరిచాడు. అవతలి గొంతు పక్కన నిలబడ్డ నాకు కూడా వినిపించింది.

"అయ్యా, పసుపు సిందూరాలతో గడపలోకి వచ్చిన చేపని కోయకుండా ఉంచే గుండె మాకెక్కడిది? దించేసరికే అది పక్కకి ఒరిగిపోయి ఉంది. కోయించింది నేనే. తప్పయితే క్షమించండి."

"ఫోన్లో కాదు. ఇక్కడికి వచ్చి, మా వాకిట్లో, అందరిముందూ చేతులు జోడించండి. అంతదాకా పెళ్ళికారు కదలదు."

"కన్యాదానం చేసేవాణ్ణి, ఉపవాసం మీద ఉన్నాను. క్రతువు కాకుండా గడప ఎలా దాటను బాబూ?"

"అయితే మీ ఇష్టం" అని హిమాద్రి ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట బరువు వాడికి బాగా తెలుసు. లగ్నం దాటేదాకా వరుడు రాకపోతే ఆ పిల్లకు మరో పెళ్ళి జరగడం కష్టం. పాతిపుకూర్‌లో మూడంతస్తుల ఇల్లున్నా కష్టమే. ఒక చేప కోసం ఒక పిల్ల బతుకును తాకట్టు పెట్టమంటే పెట్టగల మనిషి, అందులోనూ తాను వదిలించుకున్న చేప కోసం, నా తోడబుట్టినవాడు.

పొద్దు వాలింది. శౌనక్ పట్టుపంచె కట్టుకొని, తెల్లని బెండు కిరీటం పెట్టుకొని, మేడమెట్ల మధ్య నిలబడ్డాడు. పైకీ పోలేదు, కిందికీ రాలేదు. కండువా అంచు నేత చూసుకుంటున్నాడు. చుట్టాలు గోడలకు ఆనుకొని గుసగుసలాడుతున్నారు. హిమాద్రి ఖాళీ తొట్టె ముందు కుర్చీ వేసుకొని, వీధి తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

కనకలత వంటింట్లోంచి దీపపు పళ్ళెంతో వచ్చింది. వరుడు బయలుదేరే ముందు తల్లి అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది, కొడుకు చెప్పవలసిన జవాబూ ఒకటి ఉంది. మా ఆచారంలో వరుడి తల్లి పెళ్ళికి వెళ్ళకూడదు. ఆమెకున్న అధికారమంతా ఆ ప్రశ్నే.

"ఎక్కడికి బయలుదేరావు బాబూ?"

శౌనక్ తండ్రి వైపు చూశాడు.

"ఎక్కడికీ కాదు" అన్నాడు హిమాద్రి.

"నిన్నడగలేదు" అంది కనకలత. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె భర్తను ఏకవచనంలో సంబోధించడం నేను విన్నది ఆ ఒక్కసారే. "శౌనక్, నీ నోట్లో నాలుక ఉందా? ఎక్కడికి బయలుదేరావు?"

"నీకు దాసిని తేవడానికమ్మా" అన్నాడు వాడు. పురోహితుడు నేర్పిన జవాబే.

"ఈ ఇంటికి ఒక దాసి చాలు. నువ్వు పెళ్ళాన్ని తెచ్చుకో. దిగు, లగ్నం మించిపోతోంది."

వాడు దిగాడు. తల్లి అడిగి, కొడుకు చెప్పి, దీపం తిప్పిన తరువాత ప్రయాణం ఆపడం ఎవరి తరమూ కాదు. చుట్టాలు గోడలు వదిలి కదిలారు.

"నేను లేకుండా మగపెళ్ళివారికి పెద్ద ఎవరట?" అన్నాడు హిమాద్రి, వెనక్కి తిరగకుండానే.

"నేను" అని నా శాలువా తెచ్చుకున్నాను.

లగ్నానికి చేరాము. గోష్ఠబాబు కారు తలుపు తీసి, లోపలికి తొంగిచూసి, "బాబుగారు?" అన్నాడు. "ఒంట్లో బాగోలేదు" అన్నాను. ఆయన నాకు వంగి నమస్కరించి ముందు నడిచాడు.

కోడలు ఇంటికి వచ్చిన నాలుగో రోజున, డాబా మీద చీరలు ఆరవేస్తూ నాతో అసలు సంగతి చెప్పింది. శౌనక్ మేనత్తను కనుక తనకూ నేను పిషీమానే.

"నాన్న కాదు పిషీమా. నేనే కోయమన్నాను. కత్తిపీట ముందు మా నానమ్మ ఆగింది. 'ఇది తినే రకంలా లేదే తల్లీ, నువ్వు వాళ్ళింట్లో చూశావా దీన్ని?' అంది. చూశానన్నాను. 'సిందూరంతో వచ్చింది కదా, కోయండి' అన్నాను."

"పెళ్ళి ఆగిపోతుందని తోచలేదా?"

"తోచింది. ఆగేదైతే మా గడప అవతలే ఆగనీ, ఇక్కడికొచ్చాక కాదు అనుకున్నాను."

"రుచి ఎలా ఉంది?"

"ఉపవాసం కదండీ, తినలేదు" అంది గంభీరంగా.

నేను ఆమెను మెచ్చుకోలేదు. ఎనిమిదేళ్ళు గాజు వెనక తిరిగిన ఆ ప్రాణి ఎవరికీ ఏ అపకారమూ చెయ్యలేదు. ఒక మూర్ఖుడు దాన్ని అవమానంగా పంపాడు, తెలివైన పిల్ల దాన్ని అవమానంగానే వండించింది. తెలివి వల్ల చేప పరిస్థితి మెరుగుపడలేదు. అయినా ఇద్దరిలో ఎవరితో ఒకే కప్పు కింద బతకగలనో తేల్చుకోవడం నాకు కష్టం కాలేదు.

ఆ పెళ్ళి పదహారేళ్ళు నిలిచింది. పదహారో ఏట శౌనక్ ముంబయికి బదిలీ అయ్యి అక్కడే మరొకరితో స్థిరపడ్డాడు. విడాకుల తరువాత కూడా మహువా భవానీపూర్ ఇంట్లోనే, కూతురితో, కనకలతతో కలిసి పై అంతస్తులో ఉంటోంది.