కంది సాలు

ముట్టు నిలిచిన ఆడదాని మతిమరుపు ఎవరికీ పట్టదు, మాత్రలు అమ్మేవాళ్ళకు తప్ప.

బయ్యన్న చేలో ఏళ్ళ తరబడి కందులు వేసేది కదిరమ్మే. ఎద్దులు లాగే విత్తనాల గొర్రు ఎనిమిది సాళ్ళు వేరుశనగ వేసి తిరిగాక, తొమ్మిదో సాల్లో ఆమె ఒడిలోని కందులు పడాలి. లెక్క తలలోనే పెట్టుకోవాలి. విత్తే మనిషి నోరు విప్పితే మొలక చెడుతుందని ఆ ఊళ్ళో పట్టింపు.

పోయిన ఏడు లెక్క తప్పింది. రెండు కంది సాళ్ళు పక్కపక్కనే మొలిచినాయి.

"ఇంగోసారి ఇట్లయితే ట్రాక్టరు పెట్టుకుంటా కదిరమ్మా," అన్నాడు బయ్యన్న నవ్వుతూ. ఆ నవ్వే ఆమెను కాల్చింది.

ముట్టు ఆగినప్పటి నుంచి రాత్రుళ్ళు ఒంట్లో ఆవిర్లు, చెమట. నిద్ర లేదు. పొయ్యి మీద పెట్టింది గుర్తుండదు. కదిరి నుంచి స్కూటరు మీద వచ్చి మాత్రలు అమ్మే ప్రశాంతి ఒక డబ్బా ఆమె చేతిలో పెట్టింది.

"సరస్వతి ఆకు పెద్దమ్మా. ఆకే గదా, ఏం చేస్తాది? మతి నిలుస్తాది."

ఆకు మందూ ఇంగ్లీషు మందూ ఒక కడుపులో పొసగవని కదిరమ్మ రోజూ వేసుకునే బీపీ మాత్రలు మానేసింది. వాటిని మానమని ఎవరూ చెప్పలేదు. ఆమే అనుకుంది. తల తిరిగి పడితే ఆసుపత్రి నర్సు భద్రమ్మ కోప్పడింది.

"ఆ ఆకు కొందరికి రవ్వంత పనిచేస్తాదేమో, నాకు తెలీదు. ఇంగో మందు తింటాండామని ఈడ చెప్పాల గదా. బీపీ మాత్ర ఇడిస్తే తల ఎట్ల నిలుస్తాదే? నిద్ర లేదని ఎవురికన్నా చెప్పినావా?"

చెప్పలేదు. అది చెప్పుకునే సంగతని ఆమెకు ఎవరు నేర్పినారు?

వాన పడింది. నేలలో పదును ఆరకముందే విత్తాలి. బయ్యన్న గొర్రు కట్టినాడు. గొర్రులో వేరుశనగ పోసేది సువార్త, వెనక కందులతో కదిరమ్మ. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టింది, కానీ నిద్ర ఇంకా రాలేదు. చేను సగం దాటాక తలలో లెక్క ఆరిపోయింది. ఆరా? ఎనిమిదా? గుప్పిట్లో కందులు తడిసిపోతున్నాయి.

ఆగింది. ఎద్దులూ ఆగినాయి.

"సువార్తా, ఇది ఎన్నో సాలే?"

బయ్యన్న గిర్రున తిరిగినాడు. "నోరిప్పితివే. మొలక రాకుంటే?"

"రాకుంటే నన్నే అనన్నా. నాకు మతి నిలవడంల్యా. ఇంగ దాచిపెట్టి నీ చేను పాడు చేయను."

సువార్త బయ్యన్న వైపు చూడనే లేదు.

"ఏడోది వదినా. ఇంగ నేను పైకే లెక్క పెడతా. నాదీ ఏమన్నా గట్టి తలకాయా? ఇద్దరం కలిస్తే ఒకటైతాది."

బయ్యన్న మబ్బును చూసినాడు. ట్రాక్టరు ఈ పూటకు దొరకదు. ఎద్దులను అదిలించినాడు. ఏడో సాలు ముగిసింది.

"ఎనిమిది," అంది సువార్త, చేనంతా వినబడేట్టు.

గొర్రు తొమ్మిదో సాలుకు తిరిగింది. కదిరమ్మ గుప్పిట విప్పింది.